ఖాళీ బోర్డు

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తానంటే మా వీధిలో పెద్దవాళ్లు ఇప్పటికీ ఒకటే అడుగుతారు: "చందమామలోనా?" అది ఆగిపోయి ఏళ్లయిందని చెప్పబుద్ధి కాదు. 1947లో మొదలైన ఆ పత్రిక మన కళ్లకు ఎంత అలవాటైపోయిందంటే, భుజాన శవంతో నడిచే విక్రమార్కుడు ఎవరి ఊహలోనైనా శంకర్ వేసినట్టే ఉంటాడు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు కత్తిరించి దాచుకున్న ఇళ్లు ఎన్నో. నేనూ అవి చూస్తూ పెరిగినదాన్నే. అయితే ఆ బొమ్మలు కథ పక్కన నిలబడేవి. ఇప్పటి పిల్లల బొమ్మల పుస్తకంలో కథలో సగం బొమ్మే మోయాలి.

"రాత్రంతా వాన కురిసింది" అని ఒక పేజీలో వాక్యం ఉందనుకోండి. అక్కడ వాన వేస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టే. నేను రేకుల ఇల్లు వేశాను. నేలమీద మూడు గిన్నెలు, ఒక బకెట్టు. గోడకి అందనంత ఎత్తులో, మేకుకి తగిలించిన స్కూలు బ్యాగు. ఇల్లు కారుతోందని రచయిత ఎక్కడా రాయలేదు. ఇంకా చదవడం రాని మా పక్కింటి పాప ఆ పేజీ చూసి, "బ్యాగు తడవలే" అంది. ఈ పని నాకు వచ్చునేమో అని మొదటిసారి అనిపించింది అప్పుడే.

మొదలుపెట్టడానికి ఎవరూ పిలవనక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో బోలెడు కథలు ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. రాసినవాళ్ల పేరు చెప్పి వాడుకోవచ్చు. నేను ఒక కథ తీసుకుని, ఎనిమిది కాగితాలు మధ్యకి మడిచి కుట్టాను. 32 పేజీల డమ్మీ. ప్రెస్సులో పెద్ద షీటు మడతలు పడి పుస్తకం అవుతుంది కాబట్టి పేజీల లెక్క ఎప్పుడూ అలా ఎనిమిదుల్లో, పదహారుల్లో నడుస్తుంది. చేత్తో తిప్పితేనే తెలుస్తుంది, ఏ బొమ్మ దగ్గర పిల్లలు ఆగాలో, ఏ బొమ్మ దగ్గర ఆగలేక పేజీ తిప్పాలో. రెండు పేజీల మధ్య మడతలో ఎవరి ముఖమూ పడకూడదన్నదీ అప్పుడే తెలుస్తుంది. ఎడిటర్లకు ఒక అందమైన బొమ్మ చూపిస్తే చాలదు. అదే పిల్ల ఏడుస్తూ, పరిగెత్తుతూ, వెనక్కి తిరిగి కూర్చుని, పది పేజీల తర్వాత కూడా అదే పిల్లలా ఉండాలి.

ఇవన్నీ ఎక్కడైనా నేర్చుకోవచ్చు. అక్షరానికి చోటు వదలడం మాత్రం ఇంట్లోనే వచ్చింది. మా నాన్న హన్మకొండలో బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక కుంచెలు అటకెక్కాయి. "ముందు అక్షరానికి జాగ చూస్కో, బొమ్మ తర్వాత" అనేవాడు. తెలుగు పేజీకి అంతకన్నా మంచి సలహా లేదు. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు. వరసకీ వరసకీ మధ్య ఇంగ్లిషుకన్నా ఎక్కువ ఎడం కావాలి. చెన్నైలోని తూలిక వాళ్లలా ఒకే పేజీలో రెండు భాషలు వేస్తే, ఆకాశమో గోడో రెండు లిపులకీ సరిపడా ఖాళీగా ఉండాలి.

ఇందులోనే ఇంకో తిరకాసు ఉంది. ఒకే పుస్తకం నాలుగైదు భాషల్లో వేసేటప్పుడు అక్షరాలన్నీ నల్లరంగులోనే పెడతారు. రంగుల ప్లేట్లు అలాగే ఉంచి, భాషకో నల్ల ప్లేటు మారిస్తే సరిపోతుంది. అందుకే బొమ్మలో కలిసిపోయేలా అక్షరాలు వేయకూడదు. నా మొదటి పుస్తకంలో ఒక కిరాణా కొట్టు ఉంది. దాని బోర్డు ఖాళీగా వదిలాను. నాన్న ఫోన్లో ఆ పేజీ పెద్దది చేసి చూసి, "గిదేంది, బోర్డు రాయకుండనే కొట్టు తెరిచిండా?" అన్నాడు. కారణం చెబితే తలూపాడు. కానీ చాలాసేపు ఆ పేజీలోనే ఉన్నాడు.

ఆ పుస్తకానికి ముందు వేరే ప్రచురణకర్తల నుంచి ఒకటి వచ్చింది. నాకు వచ్చిన మొదటి కబురు. డబ్బు పర్వాలేదు, మూడు నెలల అద్దెకి సరిపోతుంది. కవర్ మీద మాత్రం రచయిత పేరే వేస్తామన్నారు. కాగితం తెచ్చుకుని చదివాను. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి అడిగి వేయించుకున్న పెయింటింగుకి, వేరే ఒప్పందం లేకపోతే, వేయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. హక్కులు రాసిచ్చే కాగితంలో ఎన్నేళ్లకో లేకపోతే ఐదేళ్లని లెక్క. ఇది నేను వేశానని చెప్పుకునే హక్కు మాత్రం, అన్నీ రాసిచ్చాక కూడా, వేసినవాళ్లకే ఉంటుంది. ఆ పేరు కవర్ మీద ఉండాలా, లోపల చిన్న అక్షరాల్లోనా అన్నది మనం అడిగి తేల్చుకోవాల్సిందే.

అడిగాను. రెండు వారాల తర్వాత కుదరదన్నారు. అమ్మ, "పేరుదేముందే, ముందు పనైతే రానీ" అంది. అమ్మ మాట తీసేయదగ్గది కాదు, అద్దె నెలనెలా కట్టాలి. నాన్న ఏమీ అనలేదు. ఆయన బోర్డుల కింద కుడి మూలన ఎప్పుడూ చిన్నగా ఆయన పేరు, పక్కన "ఆర్ట్స్" అని ఉండేది. చాయ్ కొట్టు బోర్డుకైనా సరే. నేను ఆ పని వద్దన్నాను. తర్వాతిది రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఆఫీసులో పగలంతా యాప్‌ల కోసం బటన్లు గీశాను. ఇప్పటికీ గీస్తున్నాను, ఒక్క పుస్తకంతో ఇల్లు గడవదు.

రెండోసారి వచ్చినవాళ్లు పేరు గురించి నేను అడగకముందే రాశారు. పుస్తకం ఇప్పుడు ప్రెస్సులో ఉంది. నావంతు ప్రతులు వచ్చాక ఒకటి హన్మకొండ తీసుకెళ్తాను. నాన్న చెయ్యి ఈమధ్య కొంచెం వణుకుతోంది. అయినా సన్న కుంచె ఒకటి కొన్నాను. ఆ ఒక్క ప్రతిలో కిరాణా కొట్టు బోర్డు ఆయనే రాస్తాడు.