దేశము దాటిన సైనికుడు, దాటని మందు

రోగిని చూచి విసుగుకొను వైద్యుడు ఆ వృత్తికి తగడు. కాని కాళ్లు ఉబ్బి, ఊపిరి అందక ఎదుట కూర్చుండిన వృద్ధుడు, "నేను మందులు మానలేదు డాక్టరుగారూ, అమెరికానుండి రావలసియున్నవి, వచ్చినతోడనే మరల మొదలుపెట్టెదను" అని ఎంతో ప్రశాంతముగా పలికినపుడు నాకు కోపమును దుఃఖమును ఏకకాలమున కలుగును. పుట్టపర్తిలో ప్రాక్టీసు పెట్టిన నాటినుండి ఈ మాట వినుచున్నాను. చెప్పు మనుష్యులు మారిరి, వారి వ్యాధులు మారినవి, మాట మాత్రము మారలేదు. మందు మానుటకును, మందు కొరకు ఎదురుచూచుటకును రోగి మనస్సులో ఎంత భేదమైనను ఉండవచ్చును. రక్తనాళములకు ఆ భేదము తెలియదు.

ఈ వృద్ధులెవరో చెప్పవలెను. 1950లో చిత్రావతీ తీరమున ప్రశాంతి నిలయము వెలసిన పిదప దేశదేశములనుండి భక్తులు ఈ యూరికి వచ్చుట ఆరంభమయ్యెను. వారిలో కొందరు మరలి పోక ఇచ్చటనే అద్దె యిండ్లలో స్థిరపడిరి. 2011లో సత్యసాయిబాబా నిర్యాణము చెందిన తరువాత పలువురు వెళ్లిపోయినను, ఈ మట్టిలోనే కన్నుమూయవలెనని నిశ్చయించుకొనిన కొందరు నిలిచిపోయిరి. ఇరువది యేండ్ల ప్రాయమున తుపాకి భుజాన వేసుకొని వియత్నాము అడవులలో తిరిగిన అమెరికా మాజీ సైనికులును వారిలో కలరు. యుద్ధమున పోగొట్టుకొనిన నిద్రను వెదకికొనుచు వచ్చినవారు కొందరు; పింఛనుతో నిశ్చింతగా బ్రతుకవచ్చునని వచ్చినవారు కొందరు. అందరును మర్యాదస్తులు; వేళ తప్పి వచ్చినవారు గాని, వరుస దాటి లోపలికి చొచ్చినవారు గాని వారిలో నాకు కనపడలేదు.

వారి వ్యాధులలో పెక్కు ఆ యుద్ధశేషములే. శత్రువునకు చెట్టు చాటు లేకుండ చేయవలెనని అమెరికా సైన్యము ఏజెంట్ ఆరెంజి అను ద్రవమును విమానములనుండి అడవులపై చల్లినది. అందు డయాక్సిను అను విషము కలిసియుండెను. ఆకులు నాడే రాలినవి. ఆ నేలపై నడచిన సైనికుల దేహములలో వ్యాధి దశాబ్దముల పిమ్మట తలయెత్తినది. 2001లో రెండవ రకము మధుమేహమును, 2010లో గుండె రక్తనాళముల వ్యాధిని, పార్కిన్సన్ వ్యాధిని, 2022లో చేసిన పాక్ట్ చట్టముచే రక్తపోటును ఆ విషముతో ముడిపడిన వ్యాధుల పట్టికలో చేర్చి, వాని చికిత్స తన బాధ్యతయని అమెరికా ప్రభుత్వము అంగీకరించినది. కనుక ఆ మందులు వారికి భిక్ష కాదు, హక్కు. ఆ హక్కును నేను మనసారా గౌరవింతును. నా కోపమంతయు ఆ హక్కు చేతికందువరకు దేహము కాచుకొని యుండునను వారి విశ్వాసముపైననే.

స్వదేశమున నున్నంతకాలము ఏర్పాటు చక్కగా నడచును. మాజీ సైనికుల శాఖవారు సాధారణముగా 90 దినములకు సరిపడు మందులను నారింజ రంగు సీసాలలో నింపి తపాలాలో ఇంటికే పంపుదురు. దేశము దాటినతోడనే ఆ తపాలా ఆగిపోవును. పరదేశపు చిరునామాకు ఆ శాఖ మందులు పంపదు. విదేశమున ఆ శాఖ స్వయముగా నడపు క్లినిక్కు ఫిలిప్పీన్సులోని మనీలా నగరమున నున్నది ఒక్కటే. తక్కిన దేశములలోని వారి కొరకు విదేశీ వైద్య కార్యక్రమమని ఒక పథకము కలదు. పేరు నమోదు చేయించుకొని, సైనిక సేవ వలన కలిగినదని శాఖ ఒప్పుకొనిన వ్యాధికి ఉన్నచోటనే వైద్యము పొంది, చేతి డబ్బుతో మందు కొని, పిదప కాగితములు పంపి ఆ సొమ్ము రాబట్టుకొనవలెను. అందులకు రెండు సంవత్సరముల గడువు కలదు. సేవతో సంబంధము తేలని ప్రొస్టేటు వాపునకో, పంటి నొప్పికో పైసా రాదు. పంపు బిల్లుపై మందు పేరు, మోతాదు, సంఖ్య, తేది, వెల, అంగడి చిరునామా, వ్రాసిన వైద్యుని పేరు అన్నియు ఉండవలెను. మన మందుల అంగడిలోని కుర్రవాడు ఎనిమిది మాత్రలు కత్తెరతో కత్తిరించి, చిన్న కవరులో వేసి, దానిమీదనే మొత్తము గీకి యిచ్చును. ఆ కవరు సముద్రము దాటి ఏ గుమాస్తాను ఒప్పించగలదు? పక్కా బిల్లు అడుగుడని ప్రతి రోగికిని చెప్పుచున్నాను. మొగమాటముచే అడుగక, సొమ్ము రాలేదని మందే మానుకొనువారిని చూచుచున్నాను.

ఈ కాగితముల చిక్కునకు వెరచినవారు వేరొక త్రోవ పట్టుదురు. ఓహాయోలోనో అరిజోనాలోనో ఉన్న సోదరుని యింటికి మందులు తెప్పించి, అచ్చటినుండి పార్సిలు చేయింతురు. వైద్యుని చీటీపై అమ్మవలసిన మందులను సామాన్యులు తపాలాలో పంపుటకు ఆ దేశపు తపాలా నిబంధనలే ఒప్పవు. ఎట్లో బయలుదేరినను సుంకపు కచేరీలో ఏ మూలనో పడియుండును. రెండు మొదలు ఎనిమిది డిగ్రీల చల్లదనమున నుండవలసిన ఇన్సులిను, మా సీమలో నలువది డిగ్రీలు దాటు వేసవిలో అట్టపెట్టెలో ఉడికి ఇల్లు చేరినచో, సీసాలో మిగులునది మందని నేను చెప్పజాలను.

ఇన్సులిను మాట వచ్చినది గనుక ఒక రోగిని గూర్చి చెప్పెదను. నెలనెలా క్రమము తప్పక రక్తపరీక్ష చేయించుకొను మనిషి. అకస్మాత్తుగా చక్కెర నాలుగువందలు దాటినది, కుడి పాదమున పుండు లేచినది. "మీ దేశపు ఇన్సులిను కల్తీది" అని నాతో కోపముగా పలికెను. సీసాను, సిరంజిని తెప్పించి బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టితిని. సీసా మన అంగడిలో కొనినది. మన దేశమున విరివిగా అమ్ముడగు నలువది యూనిట్ల రకము. సిరంజి ఆయన అమెరికానుండి తెచ్చుకొనినది. నారింజ రంగు మూత, నూరు యూనిట్ల కొలత. ఆ సిరంజిలో ముప్పది గీతవరకు లాగినచో దేహములోనికి పోవునది ముప్పది యూనిట్లు కాదు, పండ్రెండే. ఆయన పదియేను దినములుగా పండ్రెండు యూనిట్లతో బ్రతుకుచు, లోపము మందుదని తలచి, నడుమ ఒక మూలికలవాని కషాయము గూడ త్రాగెను. దీనికి తలక్రిందుగా, నూరు యూనిట్ల సీసానుండి నలువది కొలత గల మన ఎర్రమూత సిరంజితో లాగినవానికి రెండున్నర రెట్లు మందెక్కి తెల్లవారులోపల స్పృహ తప్పవచ్చును. సిరంజి మార్చితిమి, పుండు కడిగితిమి, రెండు వ్రేళ్లు తీయవలసి వచ్చెను. "ఎవరును చెప్పలేదే" అని ఆయన పసివానివలె నా ముఖము చూచెను. నిజమే, అమ్మినవాడు చెప్పలేదు, కొనినవాడు అడుగలేదు.

ఇంకొకరు రాత్రులలో యుద్ధము వీడనివారు. కన్ను మూసినచో పేలుళ్లు, కేకలు. ఆ పీడకలలు తగ్గుటకు ప్రాజోసిను అను మందును, పగటి కలతకు సెర్ట్రలిను మాత్రను స్వదేశపు వైద్యులు వ్రాసియుండిరి. సీసాలు నిండుకొనెను, పార్సిలు ఆలస్యమయ్యెను. సెర్ట్రలిను తటాలున నిలిచిపోయినందున తల తిరుగుట, తలలో విద్యుత్తు తాకినట్లు జలదరింపు, అకారణ కోపము ఆరంభమయ్యెను. వంటమనిషిని గద్దించి, వెంటనే ఆమె చేతులు పట్టుకొని క్షమాపణ వేడెనట. మూడు వారముల పిదప మందులు వచ్చినవి. ఆ సంతోషములో పూర్వపు మోతాదునే ఒక్కసారిగా మ్రింగెను. ప్రాజోసిను రక్తనాళములను సడలించును. నడుమ కొన్ని దినములు మానిన దేహమునకు అది క్రొత్త మందే, మరల అతి స్వల్ప మోతాదునుండి మొదలిడవలెను. అర్ధరాత్రి లేచి నిలువబడగానే రక్తపోటు పడిపోయి స్నానపు గదిలో కూలెను. "తాత కింద పన్యాడు సార్, నెత్తురు నిలువలేదు, బిన్నా రాండి" అని ఆ వంటమనిషి తెల్లవారుజామున మా తలుపు తట్టెను. నుదుటికి కుట్లు వేసితిని. తనను గద్దించిన మనిషిని తన ఒడిలో పండుకొనబెట్టుకొని, కొంగుతో నెత్తురద్దుచున్న ఆమెను చూచి, మందుల శాస్త్రములో ఏ పుస్తకమునందును లేని ఔషధము గూడ ఆ యింట నుండెనని తలచితిని.

మూడవవాని కథ చెప్పుటకు నాకిప్పటికిని కష్టముగానున్నది. స్వదేశము పోయినపుడు గుండెలో స్టెంటు వేయించుకొని వచ్చినవాడు. స్టెంటు క్రొత్తలో దానిలోపల రక్తము గడ్డకట్టకుండ క్లోపిడోగ్రెల్ మాత్ర దినమును తప్పక వేసికొనవలెను. ఒక్కమారుగా మానుట ప్రాణముతో చెలగాటము. మాత్రలు అయిపోయినవి. ఆ మాత్ర వారి వీథి చివరి అంగడిలో ఎప్పుడును దొరకును, దాని వెల కాఫీ వెలకు మించదు. కొనలేదు. తన దేశము తనకు బాకీపడినదానిని తానేల కొనవలెనని ఒక పట్టుదల. పరదేశపు మాత్రపై ఒక శంక. "పార్సిలు ఈ వారం వస్తాదని చెప్తాండె సార్" అని ఇంటి యజమాని నాతో అనెను. నన్ను పిలుచునప్పటికి దేహము చల్లబడియుండెను. బల్లమీద ఖాళీ నారింజ సీసా యుండెను. దాని చీటీపై చిన్న అక్షరములలో మాత్రల తయారీదారు పేరు వ్రాసియున్నది. అది హైదరాబాదు కంపెనీ. మన హైదరాబాదు చుట్టుప్రక్కల కర్మాగారములలో తయారగు మాత్రలు అమెరికాలో విరివిగా అమ్ముడగుచున్నవను సంగతి ఆయనకు ఎవరైన ముందే చెప్పియున్నచో, ఆ శంక యొకటైనను తొలగియుండెడిది గదా! ఆ సీసాను చేతపట్టుకొని ఎవరిపై కోపపడవలెనో తెలియక నిలిచితిని.

ఇది పరదేశీయుల కథయని మనవారు ఊరటపడనక్కరలేదు. పడమటి గోదావరిలోని మిలిటరీ మాధవరము మొదలు మా సీమ పల్లెలవరకు సైన్యమునకు బిడ్డలనిచ్చిన యూళ్లు మనకును కలవు. మన మాజీ సైనికుల కొరకు 2003 ఏప్రిల్ 1న ఆరంభమైన ఇ.సి.హెచ్.ఎస్. పథకమున పాలీక్లినిక్కులలో మందులు దొరకును. కాని ఆ కార్డు డాలసులో చెల్లదు, మన వైద్యుని చీటీకి అచ్చటి అంగడివాడు మందీయడు. కూతురి పురుటికి పోయిన ఒక సుబేదారుగారు రెండు నెలల మాత్రలతో నాలుగు నెలలు గడుపబూని, నిదానముగా కరుగుటకై చేసిన రక్తపోటు మాత్రను చాకుతో సగము చేసి మ్రింగెను. అట్టి మాత్ర తెగినచో దినమంతయు నిదానముగా దిగవలసిన మందు త్వరగా దిగిపోయి, తక్కిన వేళ దేహము వట్టిగానుండవచ్చును. "అమ్మాయికి ఖర్చెందుకని డాక్టరుగారూ" అని, మూతి కొంచెము ప్రక్కకు లాగిపోగా, తడబడు మాటలతో ఆయన చెప్పినపుడు నేనేమి మందలింపగలను? మనుమరాలిని ఎత్తుకొనవలసిన కుడిచేయి ఆయన ఒడిలో ఊరకయుండెను.

చేయవలసినది కొంచెమే. మందు వ్యాపారనామము గాక అసలు నామమును వ్రాయించుకొనుడు. అమెరికాలో ప్రొస్టేటు వాపునకిచ్చు ఫ్లోమాక్స్ అను పేరితోనే ఇటలీలో నొప్పి మందొకటి అమ్ముడయినది. ప్రయాణమునకు ముందే పోవు చోట ఆ మందు దొరకునో లేదో, దానికి అనుమతి కావలెనో విచారింపుడు. నిద్రమాత్రలను, మత్తు కలిగిన నొప్పి మందులను అనేక దేశములు సరిహద్దుననే ఆపును. సీసా సగమైననాడే వైద్యుని చూడుడు, అడుగంటిన పిదప గాదు. ఇన్సులినువారు సీసాను, సిరంజిని రెంటిని చూపుడు. మానిన మందును మీయంతట మరల మొదలుపెట్టకుడు.

ఇక ప్రభుత్వములతో ఒక మాట. సైనికుని సముద్రములు దాటించి యుద్ధమునకు పంపిననాడు అతని వెంట అన్నమును, ఆయుధమును, గాయమునకు కట్టును, చలిజ్వరమునకు మాత్రయు అడవి నడుమకైనను చేరవేసిన రాజ్యము, ఆ గాయముతోడనే ముసలివాడై సముద్రము దాటినవానికి నెలకొక సీసా చేర్పలేనని చెప్పుట న్యాయము కాదు. మనీలాలో సాధ్యమైనది మరియొకచోట అసాధ్యమెట్లగును? అది సాధింపవలసిన పోరాటమే. దానికి కావలసిన ఉత్తరములు, ధ్రువపత్రములు ఎన్నియైనను వ్రాసి యిచ్చుటకు నేను సిద్ధముగానున్నాను. కాని ఆ పోరాటము చేయుటకు ముందు మీరు బ్రతికియుండవలెను. కనుక అయ్యలారా, ఈ దినపు మాత్రను ఈ దినమే వీథి చివరి అంగడిలో కొని మ్రింగుడు. పక్కా బిల్లు అడిగి తీసికొని పదిలపరచుడు. ఆ బిల్లు రెండు సంవత్సరములవరకు చెల్లును.