రెండుసార్లు తిప్పితే

పోయిన ఏప్రిల్ నెలలో మా అవ్వ మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తప్పు నాదే. కానీ ఆ తప్పు ఎక్కడ జరిగిందో నాకు పూర్తిగా అర్థమైంది ఆగస్టు నెలలో. అదీ తెలుగు క్లాసులో కాదు, లెక్కల క్లాసులో. ఆ సంగతే రాస్తున్నాను.

అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. ఊరు మదురై. మేము ఉండేది కోయంబత్తూరులో, మా నాయనకు ఫౌండ్రీలో పని. ఎండాకాలం వస్తే అవ్వ మా ఇంటికి వచ్చి ఒక నెల ఉంటుంది. మా మామయ్య బెంగళూరులో ఉంటాడు. ఆయన కూతురు, నాకు వదిన అవుతుంది, అక్కడే ఇంగ్లీషు మీడియంలో చదివింది. తెలుగు వింటే కొంచెం తెలుస్తుంది గానీ మాట్లాడలేదు, చదవలేదు. అవ్వకేమో ఫోనులో మాట సరిగా వినపడదు. అందువల్ల ఇద్దరికీ మధ్య నేనే. అవ్వ తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో రాసి పంపుతాను. వదిన ఇంగ్లీషులో రాస్తే నేను తెలుగులో చదివి వినిపిస్తాను. ఈ పని చేస్తున్నందుకు నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఒకరోజు అవ్వ, "మే నెలలో మనం తిరపతికి పోదామని రాయమ్మా" అంది. నేను "వి షల్ గో టు తిరుపతి ఇన్ మే" అని రాశాను. మర్నాడు వదిన జవాబు వచ్చింది: "వి ఆర్ గోయింగ్ టు తిరుపతి ఇన్ మే. టికెట్స్ బుక్డ్." నేను గట్టిగా అవ్వ చెవి దగ్గర చదివాను: "మే నెలలో మేము తిరుపతికి పోతున్నాము. టికెట్లు తీసేశాము."

అవ్వ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సరే, పోయి రమ్మను" అంది. అంతే.

మూడు రోజులు అవ్వ నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఎప్పుడూ నేను బడి నుంచి రాగానే "ఏం చదివినావు ఈ పొద్దు?" అని అడిగే మనిషి అడగడం మానేసింది. నాలుగో రోజు అమ్మ గట్టిగా అడిగితే, "నేను మొదట అడిగినాను. నన్ను వదిలేసి వాళ్ళు మాత్రం పోతాండారంట. ముసలిదాన్ని తీసుకపోవడం కష్టం గదా" అంది. అమ్మ వెంటనే మామయ్యకు ఫోన్ చేసింది. తీసిన టికెట్లలో అవ్వ టికెట్టు కూడా ఉంది! మేము నలుగురం, వాళ్ళు ముగ్గురు, అవ్వ. వదిన రాసిన "వి"లో అవ్వ మొదటి నుంచీ ఉంది. దాన్ని "మేము" చేసి అవ్వను బయటికి పంపింది నేను.

అందరం నవ్వుకున్నాం, తిరుపతికి పోయి వచ్చాం. నేను మాత్రం లోపల నవ్వలేకపోయాను. నేను తెలుగు మీడియం పిల్లని. తెలుగులో ఎప్పుడూ మంచి మార్కులే. పైగా అవ్వ "పోతాండాము" అంటే "అవ్వా, అది తప్పు, పోతున్నాము అనాలి" అని దిద్దేదాన్ని కూడా. అలాంటి నేను మనం, మేము దగ్గర పడిపోయాను.

ఇప్పుడు లెక్కల సంగతి చెబుతాను. మా పదవ తరగతి పుస్తకంలో బీజగణితం పాఠంలో మాత్రికలు వస్తాయి. అంకెల్ని అడ్డు వరుసలుగా, నిలువు వరుసలుగా పేర్చితే అది మాత్రిక. అడ్డు వరుసల్ని నిలువు వరుసలు చేస్తే దాని ట్రాన్స్‌పోజ్. ఒక మాత్రికలో మొదటి వరుస 1, 2. రెండో వరుస 3, 4 అనుకోండి. తిప్పితే మొదటి వరుస 1, 3. రెండో వరుస 2, 4 అవుతుంది. ఇంకొకసారి తిప్పితే మళ్ళీ మొదటిదే వస్తుంది. రెండుసార్లు తిప్పితే ఎక్కడ బయల్దేరామో అక్కడికే వస్తాం.

అసలు విచిత్రం గుణకారంలో ఉంది. పైన చెప్పిన మాత్రికను 'అ' అందాం. ఇంకొకదాన్ని 'ఆ' అందాం, దాని మొదటి వరుస 0, 1. రెండో వరుస 1, 1. 'అ'ను 'ఆ'తో గుణిస్తే మొదటి వరుస 2, 3. రెండో వరుస 4, 7 వస్తాయి. దీన్ని తిప్పితే 2, 4; 3, 7. ఇప్పుడు రెంటినీ విడివిడిగా తిప్పి, అదే క్రమంలో గుణించి చూశాను. 3, 4, 4, 6 వచ్చింది. తప్పు చేశానేమో అనుకుని మళ్ళీ చేశాను. అదే వచ్చింది. అప్పుడు మా లెక్కల టీచరు "క్రమం మార్చి చెయ్యమ్మా" అన్నారు. తిప్పిన 'ఆ'ను ముందు పెట్టి, తిప్పిన 'అ'ను వెనక పెట్టి గుణిస్తే 2, 4. 3, 7 సరిగ్గా వచ్చింది.

అంటే ఒక గుణకారాన్ని తిప్పితే అందులోని వాళ్ళు తిరగడమే కాదు, వాళ్ళ వరుస కూడా తిరగబడుతుంది. నాయన క్యారియర్ లాగా. పొద్దున అమ్మ మొదట అన్నం గిన్నె పెట్టి, దాని మీద సాంబారు, దాని మీద పొరియల్ పెడుతుంది. మధ్యాహ్నం విప్పేటప్పుడు పొరియల్ ముందు వస్తుంది, అన్నం చివర వస్తుంది.

టీచరు ఇంకా చెప్పారు. గుణకారంలో క్రమం ముఖ్యమయ్యే లెక్కల్ని 1843లో హామిల్టన్ అనే ఆయన డబ్లిన్ నగరంలో కనిపెట్టారు. 1858లో కేలీ అనే ఆయన మాత్రికల గురించి పెద్ద వ్యాసం రాశారు. ఇలా తిప్పడానికి పెద్ద లెక్కల్లో ఇన్వల్యూషన్ అని పేరు. దానికి మూడు నియమాలు. రెండుసార్లు తిప్పితే మొదటిదే రావాలి. కూడికను తిప్పితే విడివిడిగా తిప్పి కూడినట్టే ఉండాలి. గుణకారాన్ని తిప్పితే వరుస తిరగబడాలి. కూడిక, గుణకారంతో పాటు ఇలాంటి తిప్పుడు కూడా ఉన్న లెక్కల లోకాన్ని ఇన్వల్యూషన్ ఉన్న ఆల్జీబ్రా అంటారట. తిప్పినా మారనివి కూడా కొన్ని ఉంటాయి. నేను పైన చెప్పిన 'ఆ' అలాంటిదే, తిప్పి చూడండి. మన తెనాలి రామకృష్ణుడి బిరుదు "వికటకవి" కూడా అంతే, వెనక నుంచి చదివినా వికటకవే. మా పక్కింటి తమిళ అమ్మాయి "తేరు వరుదే" అని చెప్పింది. తమిళంలో త, ద రెంటికీ ఒకటే అక్షరం కాబట్టి రాసి చూస్తే అదీ అంతే.

వరుస తిరగబడటం అనగానే నాకు అవ్వ, వదిన మధ్య నేను చేసే పని గుర్తొచ్చింది. "మా అమ్మ చెల్లెలి ఇంటి తలుపు" అని తెలుగులో అంటాం. ఇంగ్లీషులో "ద డోర్ ఆఫ్ ద హౌస్ ఆఫ్ ద సిస్టర్ ఆఫ్ మై మదర్" అనవచ్చు. మనకు అమ్మ, చెల్లెలు, ఇల్లు, తలుపు. వాళ్ళకు తలుపు, ఇల్లు, చెల్లెలు, అమ్మ. పూర్తిగా తిరగబడింది! చిన్న మాటల్లో కూడా అంతే. వాళ్ళు "ఇన్" ముందు పెట్టి ఇల్లు తర్వాత పెడతారు. మనం ఇల్లు ముందు పెట్టి "లో" తర్వాత పెడతాం. ప్రతి వాక్యమూ ఇంత చక్కగా తిరగదు గానీ, ఇంగ్లీషుకీ తెలుగుకీ మధ్య మాట తిప్పడం కొంచెం ట్రాన్స్‌పోజ్ లాంటిదే.

తమిళానికి మాత్రం ఈ తిప్పుడు అక్కర్లేదు. మనం మదురైకి అంటే వాళ్ళు మదురైక్కు అంటారు. ఆ "కి, కు" మనం విభక్తుల్లో బట్టీ పట్టిందే. ఇల్లు అనే మాటకు "లో" చేరితే "ఇల్లులో" అనం, ఇల్లు ముందు "ఇంటి" అయి తర్వాత "ఇంట్లో" అవుతుంది. తమిళంలో వీడు కూడా ముందు "వీట్టు" అయి తర్వాత "వీట్టిల్" అవుతుంది. మన ఏరు "ఏటిలో" అయినట్టు వాళ్ళ ఆరు "ఆట్రిల్" అవుతుంది. మన "నుండి"లో ఉండి ఉన్నట్టు, వాళ్ళ "ఇరుందు"లో కూడా ఉండి అనే అర్థమే ఉంది. ఒకటి రెండు శబ్దాలు కలిస్తే చుట్టరికం అనకూడదు, కానీ ఇన్ని ప్రత్యయాలు ఒకే దారిలో నడిస్తే అనవచ్చు. 1816లోనే ఎల్లిస్ అనే మద్రాసు కలెక్టరు తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబం అని రాశారు. 1856లో మన మదురైకి దక్షిణాన తిరునెల్వేలి వైపు ఉన్న కాల్డ్‌వెల్ ఈ భాషల వ్యాకరణాల్ని పోల్చి పెద్ద పుస్తకమే అచ్చు వేయించారు.

మరి నా తప్పు ఎక్కడ జరిగింది? మొదటి నియమం దగ్గర. రెండుసార్లు తిప్పితే మొదటిదే రావాలి. అవ్వ "మనం" అంటే నేను "వి" చేశాను. "వి"ని మళ్ళీ తిప్పితే "మేము" అయింది. టీచరును అడిగితే ఒక్క మాటలో చెప్పారు: "రెండు వేరు వేరు మాత్రికలకు ఒకే ట్రాన్స్‌పోజ్ ఎప్పుడూ రాదు. అందుకే తిరిగి రాగలవు. రెండు దారులు ఒకే చోట కలిసిపోతే, వెనక్కి వచ్చేటప్పుడు ఏ దారిలో వచ్చావో ఎలా తెలుస్తుంది?" ఇంగ్లీషులో మేము, మనం రెండూ "వి" దగ్గర కలిసిపోతాయి. తమిళంలో కలవవు, మేముకు నాంగళ్, మనంకు నామ్ ఉన్నాయి. నేటి కన్నడంలో కూడా రెంటికీ "నావు" ఒక్కటే. పాపం, బెంగళూరులో పెరిగిన వదినకు వీధిలో కూడా ఈ తేడా దొరకలేదు.

ఇంకొకటి కూడా చూశాను. అవ్వ "పోతాము" అనలేదు, "పోదాము" అంది. "పోతాము" మేముకూ సరిపోతుంది, మనంకూ సరిపోతుంది. "పోదాము" మనంకు మాత్రమే. ఆ "దాము" అనే చిన్న ప్రత్యయంలోనే "నువ్వు కూడా రా" అనే పిలుపు ఉంది. నేను "లెట్ అస్ గో" అని రాసి ఉంటే ఆ పిలుపు కొంత నిలిచేది. "వి షల్ గో" అని రాసి దాన్ని నేనే చెరిపేశాను.

అప్పుడే "పోతాండాము" గురించి కూడా ఆలోచించాను. పోతూ, ఉన్నాము కలిస్తే పోతున్నాము. పోతా, ఉండాము కలిస్తే పోతాండాము. రెండూ ఒకే రకంగా కట్టిన మాటలే. ఒకటి పుస్తకంలోకి వచ్చింది, ఇంకొకటి అవ్వ నోట్లో నిలిచింది. విశ్వనాథ నాయకుడు మదురైకి వచ్చింది 1529లో అని చదువుకున్నాం. తిరుమల నాయకుని మహలు చూడటానికి బడి నుంచి కూడా పోయాం. కానీ అంత కాలంగా ఇంతమంది తమిళుల మధ్య ఈ మాటల్ని మోసుకొచ్చింది మహళ్ళు కాదు, మా అవ్వలాంటి వాళ్ళు. చదవడం రాని మా అవ్వ మనం, మేము ఎప్పుడూ తప్పు చెప్పలేదు. చదువుకున్న నేను చెప్పాను.

విజయదశమి సెలవుల్లో మదురై పోయినప్పుడు ఇదంతా అవ్వకు చెప్పాను. మాత్రికలు వదిలేసి, మనం, మేము సంగతి మాత్రం చెప్పాను. "అవ్వా, నీ మాటను నేనే తప్పుగా తిప్పినాను. వాళ్ళకు మనం అనే మాట వేరేగా లేదు" అన్నాను. అవ్వ ఆశ్చర్యపోయింది. "మనం అనే మాట లేకుండా వాళ్ళు పెండ్లికి ఎట్ల పిలుస్తారే?" అంది. తర్వాత నా పక్కకు జరిగి, "ఏం చదివినావు ఈ పొద్దు?" అని అడిగింది.

ఇప్పుడు నేను ఒక అలవాటు చేసుకున్నాను. వదినకు పంపే ముందు నేను రాసిన ఇంగ్లీషును మళ్ళీ తెలుగులోకి తిప్పి అవ్వకు వినిపిస్తాను. "అదే" అని అవ్వ అంటేనే పంపుతాను. కాదంటే మళ్ళీ రాస్తాను. అవ్వను దిద్దడం కూడా మానేశాను. పరీక్షలో "పోతున్నాము" రాస్తాను, అవ్వతో "పోతాండాము" అంటాను.

మీ ఇంట్లో కూడా ఇద్దరి మధ్య మాట మోసే పని మీదే అయితే, ఒకసారి తిప్పి ఊరుకోకండి. రెండోసారి కూడా తిప్పి చూడండి. బయల్దేరిన చోటికి రాకపోతే, దారిలో ఎవరో ఒకరిని వదిలేసి వచ్చామని అర్థం.