చిన్న యింజనుకు శ్రుతి

వీణకు శ్రుతి చేయుట యెరిగినవారు మనలో ననేకులు కలరు. యంత్రమునకును శ్రుతి చేయవలసియుండునని యెరిగినవారు కొలదిమందియే. మోటారు బండి మొరాయించినచో మెకానిక్కు షెడ్డునకు పంపి, సాయంకాలమునకు డబ్బిచ్చి తెచ్చుకొనుటతో మనకును యంత్రమునకును గల సంబంధము తీరిపోవుచున్నది. లోపల నేమి జరిగినదో మన మడుగము, అతడు చెప్పడు. ఈ యెరుకలేమి యొక లోపమని కూడ మనకు తోచకపోవుట మిక్కిలి విచారకరము. ఈ సంగతిని వివరించుటకు నే నొక యాటబండిని దృష్టాంతముగా గైకొనుచున్నాను. ఆటవస్తువని చదువరులు చులకన చేయకుందురు గాక!

రేడియో సంకేతములచేత దూరమునుండి నడపబడు బండ్లలో రెండు జాతులు కలవు. మొదటిది బ్యాటరీతో నడచును. మీట నొక్కినచో పరుగెత్తును, వదలినచో నిలుచును. మన నుండి యంతకంటె నేమియు కోరదు. రెండవది నిజమైన యింజనుతో నడచును. 1999లో అమెరికాలో ట్రాక్సాస్ సంస్థవారు వెలువరించిన టీ-మాక్స్ అను ట్రక్కు ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. ఇట్టి బండి మూరకు కొంచెము మించిన పొడవుండును. మన వీధులలో తిరుగు సాధారణపు మోటారు సైకిలు ఇంజను 100 ఘన సెంటీమీటర్లది. దీని యింజను 2 మొదలు 4 ఘన సెంటీమీటర్లది మాత్రమే. అయినను ఈ బుడుత యింజను నిమిషమునకు 30,000 చుట్లకు మించి తిరుగగలదు.

ఇది పెట్రోలు త్రాగదు. దీని యాహారము మిథనాలు, నైట్రోమీథేను, నూనె అను మూడింటి మిశ్రమము. ఒక పాలు పెట్రోలు పూర్తిగా కాలుటకు తూకమున సుమారు 15 పాళ్ల గాలి కావలెను. మిథనాలునకు ఆరున్నర పాళ్లు చాలును. 1872లో కోల్బే యను జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు తయారుచేసిన నైట్రోమీథేను తనలోనే కొంత ప్రాణవాయువును దాచుకొనియుండును గావున దానికి 2 పాళ్లకంటె తక్కువ గాలియే చాలును. అనగా నదే గ్రుక్కెడు గాలితో నెక్కువ యింధనమును కాల్చి యెక్కువ బలమును పొందవచ్చును.

ఇక నూనె సంగతి. ఇందులో కృత్రిమ తైలముతో పాటు మన యాముదమును కలుపుట కలదు. ఏ చెట్టును లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమని మనము దానిని తేలికచేసి సామెత కట్టితిమి. మహబూబునగరు, నల్లగొండ ప్రాంతముల మెట్టచేలలో పండు నా గింజల నూనె, ఇతర తైలములు మాడిపోవునంతటి వేడిమియందును లోహమును వదలక పట్టుకొనియుండును. 1914-18 నాటి యుద్ధమున నెగిరిన విమానములలో ననేకమునకు ఇదియే కందెన. పెద్ద బండ్లలోవలె ఈ చిన్న యింజనునకు ప్రత్యేకముగా నూనెతొట్టి లేదు. కందెన యంతయు ఇంధనములోనే కలిసి లోపలికి పోవలయును. ముందు చెప్పబోవున దంతయు ఈ యొక్క సంగతిమీద నాధారపడియున్నది.

నిప్పురవ్వను పుట్టించు ప్లగ్గు కూడ దీనికి లేదు. సన్నని ప్లాటినపు తీగచుట్ట గల గ్లో ప్లగ్గు దీని తలలో నుండును. మొదట చిన్న బ్యాటరీతో ఆ తీగను ఎర్రగా కాల్చి, యింజను నడచిన పిదప బ్యాటరీని తీసివేయుదురు. అటుపై ప్రతి చుట్టునందును పుట్టు వేడిమిచేతను, మిథనాలు ఆవిరి ప్లాటినమును తాకుటచేతను తీగ యారక వెలుగుచుండును. వాయు మిశ్రమములో ప్లాటినపు తీగ మంట లేకయే కణకణలాడుట సర్ హంఫ్రీ డేవీ 1817లో కనిపెట్టెను. అతడు గని కార్మికుల ప్రాణరక్షణకై దీపమును నిర్మించు పరిశోధనలో నుండెను. ఆ తీగను చిన్న యింజనులకు తగిన ప్లగ్గుగా 1947లో రే ఆర్డెన్ అను నమెరికనుడు అమ్మకమునకు దెచ్చెను. ఒకని యెరుక 130 ఏండ్లకు మరియొకని చేతిలో వెలుగుట యెంత చక్కని సంగతి!

ఇక శ్రుతి చేయు విధము. ఇంజనులోనికి గాలిని ఇంధనమును కలిపి పంపు కార్బురేటరునకు రెండు సూదులు, ఒక మర యుండును. ఒక సూది బండి వేగముగా పోవునప్పుడును, రెండవది నెమ్మదిగా నడచునప్పుడును ఇంధనమును కొలిచి యిచ్చును. మర, బండి నిలిచియున్నప్పుడు ఇంజను ఆరిపోకుండ కనిష్ఠ వేగమును కాపాడును. సూదిని కుడికి త్రిప్పినచో నది లోపలికి దిగి ఇంధనము తగ్గును, మిశ్రమము పలుచనగును. ఎడమకు త్రిప్పినచో చిక్కనగును. ఇంజను చక్కగా వేడెక్కిన పిదపనే మొదట వేగపు సూదిని, తరువాత నెమ్మది సూదిని, చివర మరను సవరింపవలయును. ఒకమారు ఒకదానినే ముట్టవలయును. అదియు గడియారములో చిన్నముల్లు ఒక గంట జరుగునంత మేరకే. త్రిప్పిన పిమ్మట బండిని రెండు మూడు మారులు పరుగెత్తించి ఫలితమును చూడవలయును. రెంటిని ఒక్కమారు త్రిప్పినవానికి మార్పు దేనివలన వచ్చినదో యెన్నటికిని తెలియదు.

మిశ్రమము చిక్కనైనచో దట్టముగా పొగ వెడలును, బండి గుడగుడలాడుచు నడచును. సరిగా నున్నచో సన్నని నీలిపొగ బండివెనుక తీగవలె సాగును. పలుచనైనచో పొగ మాయమై, స్వరము కీచుమనుచు పైకెక్కును. మీట వదలినను వేగము వెంటనే దిగదు. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగా ఇంధనపు గొట్టమును వ్రేళ్లతో నొక్కిపట్టుట యింకొక పరీక్ష. వేగము కొంచెము హెచ్చి రెండు మూడు క్షణములలో ఆరిపోయినచో నెమ్మది సూది సరిగా నున్నట్లు. వెంటనే ఆరిపోయినచో మిశ్రమము పలుచనైనట్లు. చాలసేపు సాగినచో చిక్కనైనట్లు. తల వేడిమి సుమారు 100 మొదలు 130 డిగ్రీల సెంటీగ్రేడు వరకు నుండవచ్చును. 2020లో మన గుమ్మములయందు నుదుటికి గురిపెట్టిన థర్మామీటరు దీనికి పనికిరాదు. యంత్రములకై చేసినది వేరుగా దొరకును.

ఇందులో నొక గొప్ప ప్రలోభము కలదు. సూదిని కుడికి త్రిప్పినకొలదియు కొంతవరకు వేగము పెరుగుచునే యుండును. పొగ తగ్గి స్వరము తీక్ష్ణమగును. చూచువారు చప్పట్లు కొట్టుదురు. కాని తగ్గిన ఇంధనముతో కందెనయు తగ్గినది. ఆవిరియగుచు లోపలి వేడిని హరింపవలసిన మిథనాలును తగ్గినది. అనగా నే క్షణమున ఇంజనునకు చల్లదనమును నూనెయు నధికముగా కావలెనో ఆ క్షణముననే రెండును కరవగుచున్నవి. మా యూరి చివరి మైదానమున నొక యువకుని బండి అందరి బండ్లను దాటి పోవుచు, దాని స్వరము మిక్కిలి మనోహరముగా నున్న సమయముననే టక్కున నిలిచినది. విప్పి చూడగా పిస్టను గీతలుపడి, దానిని పట్టియుండు కడ్డీ విరిగియున్నది. యంత్రము చచ్చుటకు ముందే యెక్కువ యందముగా పాడునని ఆనాడు తెలిసినది. అందుచేత నెరిగినవారు అన్నిటికంటె నెక్కువ వేగము వచ్చుచోటు కనుగొని, అచ్చట నిలువక, సూదిని కొంచెము ఎడమకు త్రిప్పి విడుతురు. ఆ మిగిలిన సన్నని పొగ వ్యర్థమైన ఇంధనము కాదు, ఇంజను ఆయుస్సు.

ఈ విద్య నాకంటె బాగుగా మా యన్నగారి కుమార్తెకు వచ్చినది. ఆమెకు 15 ఏండ్లు. బండిని కొన్నది ఆమెకు గాదు, ఆమె తమ్ముని పుట్టినరోజునకు. మగపిల్లవానికి బండియు, ఆడపిల్లకు గాజులును కొనుట చదువుకొన్న యిండ్లలోను మానలేదు గదా! వాడు మూడు వారములలో విసిగి ఫోనువైపు మరలెను. ఆమె స్క్రూ డ్రైవరు చేతబట్టెను. ఒక నోటుపుస్తకములో గీతలు గీసి, తేదీ, గాలి వేడిమి, సూది చుట్లు, తల వేడిమి, పొగ రంగు వ్రాయసాగెను. మే నెలలో విజయవాడ యెండకు సరిపోయిన సూది డిసెంబరు వేకువను సరిపోలేదు. చల్లని గాలి చిక్కనిది, అందు ప్రాణవాయు వెక్కువ. కావున ఇంధనమును హెచ్చింపవలయునని ఆ పుస్తకమే ఆమెకు నేర్పెను. సెలవులకు హైదరాబాదు వచ్చినప్పుడు అచ్చటి యెత్తునకు గాలి పలుచన గావున సూదిని రవంత లోనికి త్రిప్పెను. పరీక్షలో మార్కులకై వల్లించిన వాయుభార పాఠము ఆమెకు అప్పుడు అర్థమైనది.

ఇంటిలో ఆక్షేపణలు లేకపోలేదు. "ఆడపిల్లకి ఆ నూనె చేతులేమిటే? రేపటి నాడు ఎవరైనా ఆ గోళ్లు చూస్తే ఏమనుకుంటారు?" అని మా తల్లిగారు కసరిరి. "నాయనమ్మా, నీ కుట్టుమిషను దారం బిగువు నువ్వే సరిచేసుకుంటావుగా. ఇదీ అంతే" అని పిల్ల బదులు చెప్పెను. మా తల్లిగారు మరి మాటాడలేదు. కొన్ని దినములకు వసారాలో కూర్చుండి, "ఇవాళ దాని గొంతు కీచుగా ఉందేమే?" అని అడిగిరి. చిన్ననాడు సంగీతము నేర్చిన చెవి! పిల్ల పరుగున పోయి చూడగా మిశ్రమము నిజముగనే పలుచనైయున్నది.

మా యన్నగారి యాక్షేపణ వేరు. ఆయన ఇంజనీరు. మా యింట ఇంజనీర్లు ముగ్గురు కలరు. స్క్రూ డ్రైవరు ఏ డ్రాయరులో నున్నదో ఆ ముగ్గురిలో నొక్కరికిని తెలియదు. కుమార్తె యంత్రశాస్త్రము చదివెదనన్నచో ఆయన, "మెకానికల్ ఆడపిల్లలకు కాదు, కంప్యూటరు తీసుకో, నీడపట్టున కూర్చునే ఉద్యోగం" అనుచున్నారు. ఈ మాట యిప్పటికిని తెగలేదు. నేను పిల్ల పక్షమున వాదించుచున్నాను. కంప్యూటరు విద్య హీనమని నా వాదము గాదు. పనిముట్టు ముట్టిన చేయి హీనమను భావమే యా సలహా వెనుక దాగియున్నదని నా బాధ. కొలిమిని ఊరి చివరకు నెట్టి, పుస్తకమును నడియింట పీఠముపై నుంచినవారము మనము. కులమును నోట ఖండించుచు, చేతిపనిని మాత్రము ఇతరుల వంతని విడుచుట సంస్కారము కానేరదు. ఆడపిల్ల విషయమున నీ నిషేధము రెండంతలగుచున్నది.

ఈ యాటయందు ప్రమాదము లేదని చెప్పుట న్యాయము కాదు. మిథనాలు విషము. కొంచెము కడుపులోనికి పోయినను చూపు పోవచ్చును, ప్రాణము పోవచ్చును. 2024 జూనులో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మిథనాలు కలిసిన సారా త్రాగి 60 మందికి పైగా చనిపోయిరి. దీని మంట పగటివెలుగులో కంటికి కానరాదు. కావున సీసాకు చీటి యంటించి తాళము వేసి యుంచవలయును, ఆరుబయట, పెద్దల యెదుటనే నింపవలయును, చర్మమునకు తగులనీయరాదు. ఆట ముగిసిన పిదప టాంకులో మిగిలిన ఇంధనమును తీసివేసి, ఇంజనులో కొన్ని చుక్కల నూనె వేసి త్రిప్పనిచో మిథనాలు పీల్చుకొనిన తేమవలన లోపల త్రుప్పు పట్టును. శబ్దము కూడ నధికము. ఇరుగుపొరుగువారి మధ్యాహ్న నిద్రను గౌరవింపవలయును.

ఇన్ని చిక్కులెందుకని, బ్యాటరీ బండియే మేలని పలువురనుచున్నారు. శుభ్రతకును శాంతికిని అదియే మేలు, కాదనను. ప్రతి యింటను నైట్రో బండి కొనుడని చెప్పుటకు నేనిది వ్రాయలేదు. కుట్టుమిషను కానిండు, నీటి పంపు కానిండు, సైకిలు గొలుసు కానిండు, వినినచో బదులు చెప్పునది, తప్పు త్రిప్పినచో తప్పని చూపునది యొకటి ప్రతి పిల్ల చేతికిని, ప్రతి పిల్లవాని చేతికిని అందవలయును. పరీక్షాధికారి మార్కులలో పొరబడవచ్చును, చుట్టములు పొగడ్తలలో పొరబడవచ్చును. ఇంజను ముఖప్రీతికి మాటాడదు. దానియెదుట కూర్చుండి, ఒక్కొక్కటిగా సవరించుచు, వినుచు, పుస్తకములో వ్రాసికొనుచు, చాలునన్నచోట చేయి నిలుపుట నేర్చినవారికి ఆ నేర్పు బండితో ముగియదు. స్క్రూ డ్రైవరును ఆడపిల్ల చేతినుండి తీసికొనువారు ఆమెకు శుభ్రమైన గోళ్లను మిగుల్చుచున్నారే గాని, ఆ నేర్పును హరించుచున్నారని మాత్రము తెలిసికొనకున్నారు.