దఫ్తర్ వెళ్ళిపోయింది, చాచా ఉండిపోయారు

మా ఖాందాన్‌ని హైదరాబాద్‌కి తెచ్చింది ఒక తబాదలా. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు మా నానాకి అక్కడ గుమాస్తా నౌకరీ దొరికింది. 1956 నవంబర్ 1న రాజధాని హైదరాబాద్‌కి మారింది. ఫైళ్ళ వెనకే నానా, నానీ, ఒక ట్రంకు పెట్టె. సరిగ్గా అరవై ఏళ్ళకి మా ఆపాకి ఉల్టా ప్రయాణం పడింది.

రాష్ట్రం విడిపోయాక నౌకరీలనీ జనాభా లెక్కన పంచారు, 58.32, 41.68 అని. ఆపా టైపిస్టు. స్కూలు చదువంతా కర్నూల్లో ఖాలా ఇంట్లో సాగింది కాబట్టి ఆంధ్రా వాటాలోకి వెళ్ళింది. పదేళ్ళు ఉమ్మడి రాజధాని అని చట్టంలో ఉంది కదా, 2024 దాకా ఫికర్ లేదనుకున్నాం. రెండేళ్ళకే కబురొచ్చింది. సెక్రటేరియట్ వాళ్ళు 2016 జూన్ 27కల్లా వెలగపూడి చేరాలని గడువు. ఆపా వాళ్ళ దఫ్తర్ వేరే, అది విజయవాడకి. వాళ్ళకీ అదే తొందర.

ఆ రోజు ఇరవై ఒకటో రోజా. ఆఖరి అష్రాలో అందరూ ఇబాదత్‌లో ఉంటే ఆపా విజయవాడ ఉక్కలో అద్దె ఇల్లు వెతుక్కుంది. ఫోన్లో "రండమ్మా, ఖాళీగానే ఉంది" అన్నవాళ్ళే బుర్ఖా చూడగానే "నిన్ననే ఎవరికో ఇచ్చేశాం" అన్నారు. మూడు చోట్ల. చివరికి వన్‌టౌన్‌లో ఒక గది దొరికింది. దూల్హాభాయ్ దుకాణం, పిల్లల చదువు ఇక్కడే. వారానికి ఐదు రోజుల పని పెట్టారు కాబట్టి శుక్రవారం సాయంత్రం బయల్దేరి వచ్చేది.

అయినా ఆపాకి పోస్టు ఉంది, జీతం ఉంది. చాచాకి అదీ లేదు.

చాచా ఆ దఫ్తర్లో ఔట్‌సోర్సింగ్ అటెండర్. పదకొండేళ్ళు చేశారు. ఫైళ్ళన్నీ గుడ్డల్లో మూటలు కట్టి, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో అంకె వేసింది ఆయనే. రోజాతోనే లారీకి ఎత్తించారు. తరలించాల్సిన వాటి ఫెహ్రిస్త్‌లో బీరువాలు, కుర్చీలు, పాడైపోయిన జిరాక్స్ మిషన్ కూడా ఉన్నాయట. చాచా పేరు లేదు. తీసేశామని ఎవరూ అనలేదు, కాగితమూ ఇవ్వలేదు. పోస్టే లేని మనిషిని తీసెయ్యడమేమిటి? ఏజెన్సీవాళ్ళు మాత్రం ఆ బిల్డింగ్‌తోనే కాంట్రాక్టు అయిపోయిందన్నారు. అద్దెకీ ఛార్జీలకీ కూడా చాలని జీతానికి, విజయవాడ వస్తానన్నారు చాచా. అక్కడ అప్పటికే వేరేవాళ్ళని పెట్టుకున్నారు.

తర్వాత ఒక షాదీఖానాలో రాత్రి కాపలాకి కుదిరారు. పగలు ఆయన నిద్రపోయే టైముకి విజయవాడ నుంచి ఫోన్ వచ్చేది.

"చాచా, ఫలానా వాళ్ళ పెన్షన్ ఫైలు ఏ మూటలో కట్టారు?"

"నలభై మూడు. నీలం గుడ్డ, బేటా," అనేవారు కళ్ళు తెరవకుండానే.

ఏడాది దాకా అలా నడిచింది. మూటలన్నీ విప్పడం అయ్యాక ఆ ఫోన్లు కూడా ఆగిపోయాయి.