పలకరాళ్ళ కొండ

మా నాయన చిక్కబళ్ళాపురం దగ్గర ఒకటిన్నర ఎకరంలో ద్రాక్ష పెట్టింది 1974లో. రాతికూసాలు నాటించి, పైన తంతి లాగించి, తలకంటే ఎత్తున పందిరి వేయించాడు. ఆ రకం పేరు బెంగళూరు బ్లూ. నల్లటి పండు, మందం తోలు. నోట్లో వేసుకుని నొక్కితే తోలు ఒకవైపు, గుజ్జు ఒకవైపు జారుతాయి. వాసన ఎంత గాఢమంటే, మూల గదిలో ఒక గుత్తి పెడితే వీధిలో పోయేవాడికి తెలుస్తుంది. ఆ పండ్లు అమ్మిన డబ్బుతోనే మేం చదువుకున్నాం, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు జరిగాయి. పండ్లు రసం తీసేవాళ్ళకీ పోయేవి, వైను కాచేవాళ్ళకీ పోయేవి. ఆ రెండోది మాత్రం మా ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. "జూసుకి పోతాయి" అనేది అమ్మ, ఎవరడిగినా.

2023 అక్టోబరులో జర్మనీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. మూడోరోజున తమ్ముడి ఫోను.

"అన్నా, కొత్త బోరు కూడా పోయె. పదమూడు నూర్ల అడుగులు దింపినా దుమ్మే వస్తాంది. లేఅవుటు వాళ్ళు మళ్ళీ వచ్చిండారు. పందిరి పీకేద్దామా? నువ్వొక మాట చెప్తే చాలు."

వచ్చి చెప్తానన్నాను. మనసు బాగుండలేదు. అమ్మాయి నా మొహం చూసి, "ద్రాక్షతోటే చూద్దురు గానీ పదండప్పా" అని మరుసటి ఆదివారం మోజెల్ నదికి తీసుకుపోయింది. కోబ్లెంజ్‌లో రైలు మారాం. కోఖెమ్ దాటాక నాలుగు కిలోమీటర్ల పైచిలుకు సొరంగం. చీకట్లోంచి బయటపడ్డామో లేదో, ఎదురుగా నిలువునా ఒక కొండ, దాని ఒళ్ళంతా ద్రాక్ష.

దాని పేరు కాల్మోంట్. కొన్నిచోట్ల 65 డిగ్రీల వాలట. అక్కడ నిలబడటం కాదు, అంటిపెట్టుకోవడమే. ట్రాక్టరు ఎక్కదు. ఒంటిపట్టా మీద పాకే చిన్న బండి మనుషుల్నీ బుట్టల్నీ మోస్తుంది. పందిరి లేదు, ఒక్కో చెట్టుకి ఒక్కో కొయ్య. తీగల్ని చెరోవైపు వంచి, హృదయాకారంలో కొయ్యకు కడతారు. మా నాయన చూసి ఉంటే, ఇంత అవస్థ ఎందుకురా, కింద బయలు లేదా, అనేవాడు.

ఎందుకో కాసేపటికి తెలిసింది. ఆ చోటు ఉత్తరాన 50వ అక్షాంశం మీద ఉంది. అక్కడి ఎండ ఏటవాలుగా, నీరసంగా వస్తుంది. కొండ దక్షిణానికి తిరిగి ఉంటేనే ఎండ దానికి నేరుగా తగులుతుంది. కింద నది కొంత వెలుగును ఎగదోస్తుంది. నేలంతా పలకరాళ్ళు. అవి పగలు కాగి, రాత్రి ఆ వేడిని మెల్లగా చెట్టుకిస్తాయి. మనం గుత్తిని ఎండనుంచి కాపాడటానికి పందిరి వేస్తాం. వాళ్ళు ఎండను గుత్తి దాకా తేవడానికి కొండెక్కుతారు.

ఇంకొకటి, అక్కడ తీగ నిద్రపోతుంది. చలికాలమంతా ఎండుకట్టెలా ఉండి వసంతంలో లేస్తుంది. మన దగ్గర చలి ఎక్కడిది? కత్తెర పట్టి కొట్టి మనమే లేపాలి. మా బెంగళూరు బ్లూ ఏడాదికి రెండు పంటలిచ్చేది. దానికి నిద్ర ఇచ్చిన గుర్తు నాకు లేదు.

కొండ దిగువన ఒక ముసలామె తన ఇంటి ముందు వైను పోసి అమ్ముతోంది. అది రీస్లింగ్ అనే తెల్లద్రాక్షది. అరవై ఏళ్ళు దాటాక, మొదటిసారి, కూతురి ఎదుట, ఒక గుక్క తాగాను. ముందు పచ్చిమామిడి పులుపు, వెనక తేనె, ఆ తర్వాత వాన పడ్డ బండ వాసన. మత్తు నూటికి ఎనిమిది పాళ్ళేనట. చల్లటి చోట పండు నిదానంగా పండుతుంది కనుక పులుపు మిగులుతుంది. వేడిలో తీపి త్వరగా వస్తుంది, పులుపు కరిగిపోతుంది. అమ్మ గుర్తొచ్చి గ్లాసు కింద పెట్టాను. కొంచెంసేపే.

ఆమె అడిగింది, మీరేం పండిస్తారని. చెప్పాను. అమెరికా ద్రాక్ష కలిసిన జాతి, ఇసబెల్లా లాంటిది, అని అమ్మాయి వివరించింది. ఆమె నవ్వి ఏదో అంది. అమ్మాయి తటపటాయించింది. చెప్పమన్నాను. ఇసబెల్లాతో వైను చేసి అమ్మడం యూరప్‌లో నిషేధమట.

నాకు చురుక్కుమంది. మమ్మల్ని పెంచిన పండు! మరి 1800లలో వేరుపురుగు పట్టి యూరప్ తోటలు చచ్చిపోతుంటే అమెరికా ద్రాక్ష వేళ్ళకు అంట్లు కట్టే కదా బతికించుకున్నారు? వేరుకి పనికొచ్చిన జాతి గుత్తికి పనికిరాదా? అడగమన్నాను. అమ్మాయి మర్యాద చేర్చి అడిగిందనుకుంటాను. ముసలామె నవ్వు ఆపి, నిజమేనని తల ఊపింది. గ్లాసులో ఇంకొంచెం పోసింది, డబ్బు తీసుకోలేదు.

తర్వాత తన గోడు చెప్పుకుంది. పిల్లలు ఊళ్ళకు పోయారు. పై వరసలు రెండు వదిలేసింది, ముళ్ళకంపలు పెరిగాయి. కోత ముందుకు జరిగిపోతోంది. చెట్టు మీదే పండు గడ్డకట్టేదాకా ఆగి, సున్నాకు ఏడు డిగ్రీలు కింద ఉన్నప్పుడు కోసి ఐస్ వైను తీస్తారు. 2019 పంటకు జర్మనీ మొత్తంలో ఆ చలే రాలేదు. మాకు నీళ్ళు లేవు, వాళ్ళకు చలి లేదు. ఇద్దరం కొండకేసి చూస్తూ కూర్చున్నాం.

వచ్చేటప్పుడు దారిలో రాలిన ఒక పలకరాయి ముక్క జేబులో వేసుకున్నాను. ఇంటికొచ్చాక అమ్మ చేతిలో పెట్టాను. ఆమెకిప్పుడు చూపు సరిగా లేదు. తడిమి, "పలక కదరా ఇది" అంది. బడిలో మాకు కన్నడమే. తెలుగు అక్షరాలు రాత్రిపూట లాంతరు ముందు ఆమే దిద్దించింది, ఇలాంటి రాతి పలక మీదే. బలపం ఉందా అని అడిగింది. ఇంట్లో లేదు.

ఆ రాత్రి తమ్ముడూ నేనూ పందిరి కింద చాలాసేపు తిరిగాం. ఎకరం ఇచ్చేశాం. కూసాలు పీకేరోజు నేను పొలానికి పోలేదు, వాడొక్కడే నిలబడ్డాడు. నాయన మొదట నాటిన ఇంటివైపు అరెకరం ఉంచుకున్నాం. పాత బోరు రాత్రి గంటసేపు పోస్తుంది, డ్రిప్పు పెడితే దానికి చాలుతోంది. ఆమధ్య ఒకాయన వచ్చి పండ్లెక్కడికి పోతాయని అడిగితే, "వైనుకి" అన్నాను. అమ్మ లోపలినుంచి దగ్గింది.

మబ్బు పట్టేలా ఉంది. ఆకుకి బూజు రాకముందే మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టాలి. తమ్ముడు డ్రమ్ములో నీళ్ళు పోస్తున్నాడు.