ల్యాప్‌టాప్ లేవలేదు

మొన్న ఆదివారం మన బరంపురం సంఘం పాత ల్యాప్‌టాప్ ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంది. మూడేళ్లుగా అమ్మమ్మల దగ్గర కూర్చుని రికార్డు చేసిన పెళ్లిపాటలన్నీ అందులోనే. పాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

వేరే ఛార్జర్ పెట్టాం, లైటు వెలగలేదు. ఛార్జర్ పీకేసి పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టాం. లోపల మిగిలిన కరెంటు పోతే ఒక్కోసారి లేస్తుంది. ఇది లేవలేదు. షాపులో "మదర్‌బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నారు. పాటలుండేది బోర్డులో కాదు కదా, హార్డ్ డిస్కులో! దాన్ని విప్పించి, యూఎస్‌బీ కేసులో పెట్టి, మా ఇంటి కంప్యూటర్‌కి తగిలించాం. అప్పగింతల పాట గాజుల చప్పుడుతో సహా వినబడింది.

ఇన్నాళ్లూ ఒక్క కాపీతో ఉండడం మా తప్పే. ఇప్పుడు మూడిళ్లలో ఉన్నాయి. కావాల్సినవాళ్లు పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.