అమ్మీకి ఒక్క రేవు చాలు

పాపికొండల సఫర్ అనగానే మా ఇంట్లో అందరూ బోటు గురించే మాట్లాడతారు. నా ఫికర్ మాత్రం దిగే రేవులది.

రావులపాలెంలో ఫజర్ చదివేసి బయల్దేరాలి, రాజమండ్రి దాటి పోయి బోటెక్కాలి. దేవీపట్నం దాకా ఇబ్బంది లేదు. పేరంటాలపల్లిలో దిగాకే ముష్కిల్. అక్కడ బోటు ఆగేది కొంచెంసేపే. పిల్లలకు పైన సెలయేటి దాకా ఎక్కాలని తమన్నా. అమ్మీ మోకాళ్లకు ఆ ఇసుకే ఎక్కువ.

అందుకే ఈసారి హిసాబ్ అమ్మీ నడకతో మొదలుపెట్టాను. పిల్లలు చాచాతో పైకి వెళ్తారు. అమ్మీ, నేనూ కొండరెడ్లు అమ్మే వెదురు పూల దగ్గర ఆగిపోతాం. జొహర్ కూడా ఆ ఒడ్డునే. కొండల మధ్య గోదారి మలుపు తిరిగినప్పుడల్లా బోటులో ఖిబ్లా కూడా మారిపోతుంది మరి.

లైఫ్ జాకెట్ మీద బేరం లేదు. "ఉక్కగా ఉంది బేటా" అన్నా సరే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద గోదారిలోనే. ఒంటెను కట్టేశాకే తవక్కుల్ కదా!

పోలవరంలో నీళ్లు నిలబెడితే ఈ ఒడ్డులు ఇలాగే ఉండవు. ఆలోపు ఒక్కసారి చూపించమంది అమ్మీ. వానలు వెనకబట్టి ఎర్రనీరు తేటపడగానే వెళ్తాం, ఇన్షాఅల్లా.

మీ ఇంట్లో బుజుర్గులుంటే, టికెట్ కొనేముందు వాళ్లు ఎంత దూరం నడవగలరో అడగండి.